పిప్పి ఎవరి సొత్తు?

వ్యర్థమన్నదే లేని ఉత్పత్తి విధానమనే మాట కొంతకాలంగా పాలకుల నోట తరచుగా వినవస్తున్నది. ఇంగ్లీషులో దీనికి సర్క్యులర్ ఎకానమీ అని పేరు; తెలుగులో వలయ ఆర్థికమనవచ్చు. భూమి నుండి తీయడం, వస్తువు చేయడం, వాడి పారవేయడం అనే దారిని విడిచి, ఒక పనిలో మిగిలినది మరొక పనికి ముడిసరుకు కావాలన్నది ఇందలి సారం. చైనా 2008లో దీనికొక చట్టమే చేసినది. ఐరోపా సమాఖ్య 2015లో కార్యప్రణాళిక ప్రకటించినది. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడ వ్యర్థాల పునర్వినియోగానికి, వలయ ఆర్థికానికి ఒక విధానాన్ని రూపొందించినది. ఉద్దేశం మంచిదే, కాదనేవారుండరు. అయితే ఈ కొత్త మాటను అనకాపల్లి చెరకు రైతు ముందు పెడితే అతనికి అందులో కొత్తదనమేమీ కనిపించకపోవచ్చు. అతని తాతముత్తాతలు బెల్లం వండిన తీరే ఒక వలయం. ఆ వలయం ఏ విధంగా నడిచినది, ఎక్కడ తెగినది, దానిని తిరిగి కలుపుతామనేవారు ఎవరి చేతులలో కలపబోతున్నారు అన్నవి ఆలోచించవలసిన విషయాలు.

శారదానది పరిసరాల చెరకు తోటలలో పని చలికాలంలో జోరందుకుంటుంది. సంక్రాంతి నాటికి ఊరి వెలుపల గానుగల పొగ, మరిగే రసం వాసన తెలియనివారు ఆ ప్రాంతంలో ఉండరు. అక్కడ వండిన దిమ్మలు అనకాపల్లి మార్కెట్టుకు చేరుతవి. అది దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి. అక్కడి నుండి ఒడిశాకు, బెంగాలుకు, ఇంకా తూర్పునకు పోతవి. ఈ వ్యాపారం మీద రైతు ఒక్కడే కాదు, నరికేవారు, మోసేవారు, వండేవారు, బండ్లు, లారీలు నడిపేవారు, మార్కెట్టులో దిమ్మలను దించి, తూచి, పేర్చే కలాసీలు, ఇందరు బ్రతుకుతున్నారు.

గడ నరికిననాడే వలయం మొదలవుతుంది. పచ్చని కొసలు పశువులకు మేత. ఎండుటాకును రైతులు చెత్త అంటారు గాని, పొలంలో పరిస్తే అది నేల తేమను కాపాడి, క్రమంగా కుళ్ళి ఎరువవుతుంది. గడ గానుగకు పోతుంది. గ్రామాలలోని గానుగ టన్ను చెరకు నుండి సుమారు 600 కిలోల రసం తీయగలదు, తక్కినది పిప్పి. దానిని కళ్లంలో పరచి, ఎండబెట్టి, అదే చెరకు రసాన్ని కాచే పొయ్యిలో వేస్తారు. 600 కిలోల రసంలో దాదాపు 500 కిలోల నీరు ఆవిరైపోగా, అటూ ఇటూగా 100 కిలోల బెల్లం పెనంలో మిగులుతుంది. అంత నీటిని ఆవిరి చేయడానికి మామూలు రోజులలో బయటి నుండి కట్టె గాని, బొగ్గు గాని కొననక్కరలేదు. చెరకు తన్ను తానే వండుకుంటుంది. రసం మీద తేరిన మురికిని తీసి పెంటకుప్పలో వేస్తారు. పొయ్యిలోని బూడిద పొలానికి చేరుతుంది. ఇంధనం కొరకు మరొకరి ముఖం చూడని పరిశ్రమలు లోకంలో ఎన్ని ఉన్నవి?

పైగా ఇందులో ధర కట్టవలసిన ఘట్టాలు తక్కువ. పిప్పి రైతుదే, బూడిదా రైతుదే. మార్కెట్టుకు పోయేది బెల్లం ఒక్కటే.

గ్రామ పరిశ్రమల సిద్ధాంతకర్త జె. సి. కుమారప్ప చెరసాలలో రూపొందించి 1945లో ప్రకటించిన శాశ్వత ఆర్థిక వ్యవస్థా గ్రంథంలో ప్రతిపాదించినది కూడ ఈ దృష్టినే. ప్రకృతి చక్రాన్ని తెంచకుండ మనిషి తన అవసరాలు తీర్చుకోవాలని ఆయన వాదం. మరపట్టిన బియ్యం, మిల్లు చక్కెరల కంటె దంపుడు బియ్యం, బెల్లం మేలని ఆయన వాదించిన రోజులలో దానిని వెనుకబాటుతనమని ఈసడించిన పండితులున్నారు. అదే మాటను ఇప్పుడు విదేశాల నుండి కొత్త పేరుతో దిగుమతి చేసుకోవలసి రావడం విచిత్రమే.

అయితే పాతకాలపు గానుగను స్వర్గంగా చిత్రించడం కూడ న్యాయం కాదు. పెనం ముందు గంటల తరబడి నిలుచుండేవాడికి వేడి, పొయ్యిలో పిప్పి ఎగదోసేవాడికి పొగ. గానుగ రోళ్ల మధ్య గడ పెట్టే చేతికి ప్రమాదం ఎప్పుడూ వేలెడు దూరంలోనే. పాత ఒంటి పెనపు పొయ్యిలో వేడి సగానికి పైగా గొట్టం దారినో, ద్వారం దారినో పోతుంది. అందువలన ఉన్న పిప్పి అంతా ఖర్చయి, అకాలవర్షం పడి పిప్పి తడిసిన ఏట కట్టెలు కొనక తప్పదు. చెత్తను పరచవలసిన పొలంలో, కార్శి తోటకు త్వరగా దారి చేయాలని నిప్పు పెట్టేవారూ తక్కువ కాదు. పరచడానికి కూలి కావాలి. నిప్పుకు ఒక్క అగ్గిపుల్ల చాలు.

రంగు సంగతి మరొకటి. మార్కెట్టులో బెల్లానికి రంగును బట్టి వెల. మెరిసే పసుపు దిమ్మకు మొదటి రకం ధర, ముదురు రంగు దిమ్మకు మూడవ రకం. నల్లబెల్లమంటే నాటుసారా బట్టీలకు పోతుందనే అనుమానం, దాని వెంట ఆంక్షలు. పూర్వం రసంలోని మురికి విరగడానికి సున్నం, బెండ మొక్కల జిగురు వంటివి వాడేవారు. రంగు మోజు ముదిరిన తరువాత హైడ్రోస్ అనే గంధకపు రసాయనం పెనంలోకి దిగినది. రైతు దానిని ఇష్టపడి వేయడం లేదు. వేయనివాని దిమ్మకు ధర తగ్గుతున్నది గనుక వేస్తున్నాడు. వండినవాడిని మందలించే సంస్థలు కొన్ని ఉన్నవి గాని, రంగు చూసి వెల కట్టే కన్నును మందలించేవారు లేరు.

ఇక రసాయన శాస్త్రం చెప్పే సత్యమొకటి ఉన్నది. చెరకు పైరు నేల నుండి నత్రజని కంటె పొటాష్‌ను హెచ్చుగా తీసుకుంటుంది. ఆ పొటాష్‌లో అధికభాగం పిప్పిలో గాక రసంలో ఉంటుంది. అందుచేత పొయ్యి బూడిద పొలానికి చేరినా, పొటాష్‌లో చాలా పాలు బెల్లంతో పాటు లారీ ఎక్కి బెంగాలుకు పోతుంది. పాత వలయం చూపులకు గుండ్రమే గాని, ఒక పక్క చిన్న తూటు ఉండనే ఉన్నది. ఈ తూటు సంగతి మళ్లీ వస్తుంది.

వలయపు రూపాన్ని మొదట మార్చినది చక్కెర మిల్లు. 1932లో నాటి ప్రభుత్వం విదేశీ చక్కెర మీద సుంకం వేసి స్వదేశీ పరిశ్రమకు రక్షణ కల్పించగానే దేశమంతటా మిల్లులు లేచినవి. ఆ దశకపు తొలి ఏండ్లలోనే దేశంలో మొట్టమొదటి సహకార చక్కెర కర్మాగారాలలో కొన్ని ఆంధ్రదేశంలో వెలిసినవి. అందులో లక్కబొమ్మలకు పేరొందిన ఏటికొప్పాక ఒకటి, తుమ్మపాల ఒకటి. రైతులే వాటాదారులు, రైతులే యజమానులు. తరువాతి కాలంలో గోవాడ వద్ద చోడవరం మిల్లు, తాండవ మిల్లు తోడైనవి.

మిల్లు గానుగ కంటె ఎన్నో రెట్లు సమర్థమైనది. టన్ను చెరకు నుండి అది తొంభై వంతులకు మించి తీపిని పిండుతుంది. చక్కెర గాక, టన్నుకు సుమారు 300 కిలోల తడిపిప్పి, 40 నుండి 45 కిలోల మొలాసిస్, 30 కిలోలకు పైగా వడపోత మడ్డి దానికి మిగులుతవి. పిప్పి బాయిలరులోకి పోయి, మిల్లు నడవడానికి కావలసిన ఆవిరినీ కరెంటునూ ఇస్తుంది. ఇంతవరకు ఇది గానుగ పద్ధతే, పెద్ద ఎత్తున. భేదం ఎక్కడంటే, చెరకు మిల్లు తూనిక మీద దిగిన క్షణాన రైతుకూ దానికీ బంధం తీరిపోతుంది. పిప్పి, మడ్డి, మొలాసిస్ మిల్లు సొత్తు.

చాలాకాలం ఈ సంగతిని ఎవరూ పట్టించుకోలేదు. కారణం, ఆ వస్తువులకు విలువే లేదు. మొలాసిస్ మిల్లులకు పెద్ద తలనొప్పిగా ఉండేది; ఎక్కడ పారబోసినా కంపు. 1961లో ప్రభుత్వం దాని ధరను, పంపిణీని నియంత్రించినది. 1993లో గాని విడిచిపెట్టలేదు. ఎవరికీ పనికిరాని వస్తువు ఎవరిదన్న వివాదం పుట్టదు గదా.

వివాదం పుట్టించినది ఇథనాల్. పెట్రోలులో 5 పాళ్లు ఇథనాల్ కలిపే కార్యక్రమం 2003లో ఆంధ్రప్రదేశ్ సహా కొన్ని రాష్ట్రాలలో మొదలైనది గాని, పదేండ్లు నత్తనడక నడిచినది. 2013-14లో దేశంలో సగటు కలయిక ఒకటిన్నర పాలు మాత్రమే. 2018 నాటి జీవ ఇంధన విధానం చక్కెర పూర్తిగా తీయని మొలాసిస్ నుండి, చెరకు రసం నుండి కూడ ఇథనాల్ చేయడానికి తలుపులు తెరిచినది. 20 పాళ్ల లక్ష్యాన్ని 2030 నుండి 2025కు ముందుకు జరిపినారు. 2025లో ఆ లక్ష్యం నెరవేరినది. అదే 2018లో చెత్త నుండి, పేడ నుండి, మిల్లు మడ్డి నుండి వంటగ్యాసు వంటి వాయువు తీసి వాహనాలకు వాడే పథకం కూడ వెలువడినది. పాతికేండ్ల క్రితం వరకు మురుగుకాలువలో పడిన వస్తువు ఈనాడు మిల్లు లాభనష్టాలను నిర్ణయిస్తున్నది. పిప్పితో మిగులు కరెంటు చేసి అమ్మే మిల్లు, మొలాసిస్‌తో ఇథనాల్ చేసే మిల్లు నిలదొక్కుకున్నవి. కేవలం చక్కెర మీద ఆధారపడిన చిన్న మిల్లు కుంగినది.

అనకాపల్లి ప్రాంతపు సహకార మిల్లులు చిన్నవి, పాతవి, ముఖ్యంగా చక్కెరనే నమ్ముకున్నవి. బకాయిలు పేరుకున్నవి, రైతుకు డబ్బు ఆలస్యమైనది, రైతు చెరకు మానినాడు, చెరకు లేక మిల్లు మరింత చతికిలబడినది. తుమ్మపాల మిల్లు ఆగినది. 2020 తరువాత ఏటికొప్పాక, తాండవ మిల్లులు అదే దారి పట్టినవి. గోవాడ మిల్లు అప్పులతోను, బకాయిలతోను పెనుగులాడినది. చెరకు నేలలలో సరుగుడు తోటలు లేచినవి. సరుగుడుకు కూలీలు అంతగా అక్కరలేదు, నీరూ అంతగా అక్కరలేదు. వలయ ఆర్థికానికి దేశంలో ప్రోత్సాహం పెరిగిన కాలమూ, తరతరాల వలయం కల ఈ ప్రాంతపు మిల్లులు మూతపడిన కాలమూ ఒకటే కావడం యాదృచ్ఛికమని తోసివేయరాదు. మిగులును సొమ్ము చేసే యంత్రాలకు కోట్ల పెట్టుబడి కావాలి. పెట్టుబడి కలవాడు వలయంలోకి వచ్చినాడు. లేనివాడు దాని వెలుపల పడినాడు.

మరి విలువ పెరిగిన ఈ మిగులులో రైతుకు పాలెంత? ఇది చట్టం చెప్పవలసిన మాట. 1974లో భార్గవ కమిషన్ ఒక సూత్రం సూచించినది: మిల్లు లెక్కకు మించి చక్కెర మీద రాబడి పొందితే అందులో సగం రైతుకు చెందాలి. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వులో 5ఎ అనే నిబంధనగా ఇది చేరినది. అమలు ఎంతవరకు జరిగినదన్నది వేరే కథ. 2009లో కనీస ధర పద్ధతిని తీసివేసి న్యాయమైన, లాభదాయకమైన ధర అనే పద్ధతి తెచ్చినప్పుడు 5ఎ తొలగిపోయినది. కొత్త పద్ధతిలో పిప్పి, మొలాసిస్, మడ్డి మీద రాబడిని ధర నిర్ణయంలో పరిగణనలోకి తీసుకోవాలని ఉన్నది. పరిగణించడం వేరు, పంచడం వేరు. 2025-26కు ఈ ధర 10.25 శాతం రికవరీకి క్వింటాలు 355 రూపాయలు. ఇథనాల్ అమ్మిన మిల్లుకు చెరకు వేసినా, అమ్మని మిల్లుకు వేసినా మూలధర అదే.

2012లో రంగరాజన్ కమిటీ ఈ ముడిని సూటిగా విప్పినది. చక్కెరతో పాటు ప్రధానమైన ఉపవస్తువులన్నిటి విలువలో 70 శాతం, లేదా చక్కెర విలువ ఒక్కదానిలోనే 75 శాతం రైతుకు చెందాలన్నది దాని సిఫార్సు. ఈ రెండు అంకెల మధ్య తేడాలోనే అప్పటి దృష్టి తెలుస్తున్నది: ఉపవస్తువులను చక్కెర విలువలో అయిదు పాళ్లతో సరిపెట్టవచ్చునని అంచనా. ఆ లెక్క కట్టిననాటికి 20 పాళ్ల ఇథనాల్ లేదు. మహారాష్ట్ర, కర్ణాటకలు 2013లో రాబడి పంపకానికి చట్టాలు చేసినవి. ఆంధ్రదేశంలో, సహకార మిల్లులు తలదాచుకునే ప్రయత్నంలో ఉండగా, పంపకం మాట ఎత్తేవారు తక్కువైనారు.

ఈ విషయంలో బ్రెజిల్ అనుభవం తెలుసుకోదగినది. 1975లో ఆ దేశం చెరకు ఆల్కహాలుతో కార్లు నడిపే మహాపథకం చేపట్టినది. లీటరు ఆల్కహాలు తీస్తే 8 నుండి 15 లీటర్ల నల్లని కాలుష్యజలం మిగులుతుంది. మొదట దానిని నదులలోకి వదలినారు, చేపలు చచ్చినవి. 1978లో నదులలోకి వదలరాదని నిషేధం వచ్చినది. అప్పుడు దానినే తిరిగి చెరకు పొలాలకు పారించినారు. పొటాష్ ఎరువు ఖర్చు తగ్గినది, మితి మీరినచోట నేల, భూగర్భజలం దెబ్బతిన్నవి. మరొక అధ్యాయం: సావో పాలో రాష్ట్రం 2002లో చట్టంతోను, 2007లో మిల్లులతో ఒప్పందంతోను చెరకు తోటలను తగులబెట్టి నరికే ఆచారాన్ని క్రమంగా మాన్పించినది. పొగ తగ్గినది, నేలకు చెత్త దక్కినది. తగులబెట్టని తోటను చేతితో నరకడం కష్టం గనుక యంత్రాలు వచ్చినవి. ఒక్కొక్క యంత్రం పదుల కొలది మనుషుల పని చేసినది. ఈశాన్య బ్రెజిల్ బీదపల్లెల నుండి ఏటేటా కోతకు వచ్చేవారికి పని పోయినది. పర్యావరణపు పద్దులో జమ, కూలీ పద్దులో ఖర్చు. రెండు పద్దులూ ఒకే చోట వ్రాసినవాడికి గాని ఈ సంస్కరణ పూర్తి రూపం బోధపడదు.

మన దేశంలోనూ డిస్టిలరీలు కాలుష్యజలాన్ని బయటికి వదలరాదన్న నియమం వచ్చినది. దానిని చిక్కబరచి ప్రత్యేకపు బాయిలర్లలో తగులబెడుతున్నారు. మిగిలే బూడిదలో 14.5 శాతం పొటాష్. భారతదేశం తనకు కావలసిన పొటాష్ ఎరువును దాదాపు యావత్తూ విదేశాల నుండి కొంటున్నది గనుక, ఈ బూడిదను ఎరువుగా గుర్తించి, రాయితీ కల్పించి, 2024లో మిల్లులు ఎరువుల కంపెనీలకు టన్ను 4263 రూపాయలకు అమ్మే ఏర్పాటు చేసినారు. ఇది నిస్సందేహంగా మంచి పని. పాత గానుగ పద్ధతిలో లారీ ఎక్కిపోయిన పొటాష్ ఇదే. ఆ తూటును పూడ్చినది గ్రామం కాదు, పెద్ద కర్మాగారం. ఈ గౌరవం దానికి ఇవ్వవలసిందే. కాని, ఆ పొటాష్ ఎక్కడిది? చెరకు పొలానిది. నేల నుండి చెరకులోకి, చెరకు నుండి మొలాసిస్‌లోకి, అందుండి బూడిదలోకి వచ్చి, మిల్లు ద్వారం వద్ద 50 కిలోలకు సుమారు 213 రూపాయల లెక్కన ధర కట్టించుకుని, బస్తాలో తిరిగి పొలానికి పోతున్నది. పూర్వం తట్టతో ఎత్తుకుపోయిన బూడిదకు ఇప్పుడు రశీదు ఉన్నది. వలయం పూర్తి అయినది. దారిలో సుంకపు గేట్లు లేచినవి.

ఈ జిల్లాలోనే బూడిదకు సంబంధించిన మరొక కథ ఉన్నది. పరవాడ వద్ద సింహాద్రి విద్యుత్ కేంద్రం 2000 మెగావాట్లది. 2002 నుండి నడుస్తున్నది. మన బొగ్గులో బూడిద పాళ్లు సగటున మూడవ వంతుకు అటూ ఇటూగా ఉంటవి. సారవంతమైన పైమట్టిని ఇటుకలకు తవ్వడం మాని బూడిద వాడాలని 1999లో కేంద్రం ఆజ్ఞ జారీ చేసినది. వాడని బూడిదకు జరిమానా విధించే కట్టుదిట్టం 2021 డిసెంబరు చివరిలో వచ్చినది. సిమెంటు, బూడిద ఇటుకలు, రోడ్లు దీనికి ఖాతాదార్లు. పైమట్టి మిగలడం సామాన్యమైన లాభం కాదు. అయితే మట్టి ఇటుకల బట్టీలో బ్రతికిన కుటుంబానికి బూడిద ఇటుకల యంత్రం దగ్గర పని దొరికినదా? వేసవి గాలికి లేచే బూడిద ఎవరి ఇంటి మీద పడుతున్నది? టన్నుల లెక్క వ్రాసే పుస్తకంలో ఈ ప్రశ్నలకు గడి లేదు.

పరిశోధన అవసరం సరిగా ఇక్కడనే ఉన్నది. అనకాపల్లికి అందుకు తగిన సంస్థ లేకపోలేదు. 1913లో స్థాపించిన వ్యవసాయ పరిశోధన కేంద్రం నూరేండ్లకు పైగా చెరకు గురించి, బెల్లం గురించి పని చేస్తున్నది. 87 ఎ 298 వంటి వంగడాలు రైతులకు అక్కడి నుండి అందినవే. బెల్లం తయారీలో రసాయనాలు లేని పద్ధతులు, ఇంధనం ఆదా చేసే పొయ్యిలు, చెత్తను తగులబెట్టక పొలంలోనే కుళ్ళబెట్టే విధానాలు అక్కడి శాస్త్రజ్ఞులు ప్రచారం చేస్తున్నవే. ఎకరాకు దిగుబడి, రసంలో తీపి, దిమ్మలో తేమ, వీటిని కొలవడం వారికి తెలుసు. కొలవవలసినవి మరికొన్ని ఉన్నవి. పెనం దగ్గర పనిచేసేవాడు ఒక సీజనులో ఎంత పొగ పీల్చుతున్నాడు? చెత్త పరచడానికి ఎకరాకు ఎందరు స్త్రీలు, ఏ కూలికి రావాలి, ఆ కూలిని ఎవరు భరిస్తే నిప్పు పెట్టడం ఆగుతుంది? మిల్లు మూతపడిన గ్రామంలో కోత కూలీలు ఎక్కడికి పోయినారు? కౌలురైతు బూడిదను పొలానికి వేస్తున్నాడా, వచ్చే ఏడు ఆ పొలం తనది కాదని ఊరుకుంటున్నాడా? ఇవి ప్రయోగశాలలో తేలేవి కావు, కళ్లంలో కూర్చుని అడిగితే తెలిసేవి. వలయ ఆర్థికం మీద వెలువడే అధ్యయనాలు చాలావరకు ఫ్యాక్టరీ ద్వారం నుండి లెక్క మొదలుపెడుతవి. లోపలికి ఇన్ని టన్నులు పోయినవి, బయటికి ఇన్ని వచ్చినవి, ఇంత బొగ్గుపులుసు వాయువు తగ్గినది అని. ఆ లెక్కలో అబద్ధమేమీ ఉండదు. మనుషులు మాత్రం ఉండరు.

ఆలస్యం చేయదగిన విషయం కాదనడానికి కారణమున్నది. పిప్పికి ఇప్పుడు గిరాకీ పెరుగుతున్నది. కాగితం మిల్లులకు అది ఎప్పటి నుండో కావాలి. ప్లాస్టిక్ పళ్లాలపై ఆంక్షలు వచ్చిన తరువాత పిప్పితో పళ్లాలు, గిన్నెలు అచ్చువేసే పరిశ్రమ లేచినది. థర్మల్ కేంద్రాలు బొగ్గుతో పాటు వ్యవసాయ వ్యర్థాల గుళికలు కొంతపాలు వాడాలని 2021లో కేంద్రం విధించినది. అంతటి పెద్ద కొనుగోలుదారు ఒకరు పరవాడలోనే ఉన్నారు. కొనేవారు పెరిగినకొద్దీ కొన్ని గానుగలలో పిప్పిని అమ్ముకుని, పొయ్యికి చవక కట్టె వేసే దుర్బుద్ధి పుట్టవచ్చు. అప్పుడు ఒకచోట అట్టపళ్లెం పచ్చగా కనిపిస్తుంది, మరొకచోట చెట్టు కూలుతుంది. ప్రభుత్వ ప్రోత్సాహపు సొమ్ము మాత్రం పళ్లెం పేరిటనే పడుతుంది.

ప్రభుత్వ విధానం ఎంత త్వరగా తిరగబడగలదో కూడ చూచినాము. 2023 డిసెంబరులో చక్కెర కొరత భయంతో చెరకు రసం నుండి ఇథనాల్ తీయడాన్ని కేంద్రం అకస్మాత్తుగా ఆపినది. కొద్దిరోజులకు పరిమితంగా సడలించినది. 2024 ఆగస్టులో ఆంక్షలెత్తినది. పెద్ద మిల్లు ఈ ఊగిసలాటను తట్టుకుంటుంది. మిగులు పిప్పి అమ్మకం మీద ఆశ పెట్టుకుని అప్పు చేసి కొత్త పొయ్యి కట్టుకున్న చిన్నరైతు తట్టుకోగలడా?

ఆ కొత్త పొయ్యి సంగతి వేరుగా చెప్పుకోవాలి. రెండు పెనాలు, ఇనుప జల్లెడ, పొడవైన గొట్టం గల మెరుగైన పొయ్యిలో వేడి వృథా తగ్గి, కొంత పిప్పి మిగులుతుంది. పొగ కూడ తగ్గుతుంది. పర్యావరణానికి, పనివాడికి, రైతుకు ముగ్గురికీ ఒకేసారి మేలు చేయగల సాధనాలు అరుదు. ఇది వాటిలో ఒకటి. దాని కొరకు పెద్ద కంపెనీ అక్కరలేదు, డిస్టిలరీ అక్కరలేదు. ప్రభుత్వ సహాయం మొట్టమొదట ఇక్కడికి రావాలి. కాని అందరికీ గానుగ ఉండదు. తోట ఒకరిది, నేల మరొకరిది, క్రషరు అద్దెకిచ్చినవాడు వేరొకడు, బెల్లం వండినవాడు రోజుకూలీ. పాత పొయ్యిలో పిప్పి యావత్తూ కాలిపోయినంతకాలం ఈ నలుగురి మధ్య తగవు లేదు. కొత్త పొయ్యి కట్టిన మొదటి సీజనులోనే కళ్లంలో ఒక మూల నాలుగు బండ్ల ఎండుపిప్పి మిగిలి, దానికి బేరగాడు లారీతో వచ్చి నిలుచుంటాడు. ఆ సొమ్ము ఎవరి చేతిలో పెట్టాలో చెప్పే ఆచారం గాని, కాగితం గాని ఆ కళ్లంలో లేదు.